మొదటి కర్ర

మాచర్ల,
6 సెప్టెంబరు 2024.

అమ్మా శాంతీ,

నీకు ఉత్తరం రాయాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. పదో తరగతి పరీక్షల తర్వాత నేను కాగితం నిండా రాయడం ఇదే. ఈ పద్నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు ఫోన్ చేశానో నీ ఫోనే చెబుతుంది. నువ్వు ఎత్తవు. నా వకీలు కూడా ఫోన్లో మాట్లాడొద్దనే అన్నాడు, మాటలు రికార్డవుతాయట. మీ వదిన ఫర్హీన్ ఊరుకోలేదు. "వాళ్లేమన్నా పరాయోళ్లా? నోటితో చెప్పలేకపోతే రెండు ముక్కలు రాయండి" అని నిన్న కాగితాలు తెచ్చి నా ముందు పడేసింది.

ఏం రాయాలో తెలియడం లేదు. మా నాన్న జమాల్ మేస్త్రీ దగ్గర నేనూ ఫ్రాన్సిసూ ఒకే రోజు పనిలో చేరాం. ఇరవై ఆరేళ్లయింది. తర్వాత నేను పాత ఇళ్లు బాగుచేయించే కాంట్రాక్టులు పట్టాను, వాడు సెంట్రింగ్ ముఠా పెట్టుకున్నాడు. ఎక్కడ స్లాబు ఒప్పుకున్నా కింద రేకులూ కర్రలూ బిగించే పని వాడిదే. ఇంకొకణ్ణి ఒక్కసారి కూడా పిలవలేదు. హెడ్మాస్టరు చెన్నకేశవరావు గారి పాత ఇంటికి ముందు బాల్కనీ వేయాలన్నప్పుడు కూడా మొదట ఫోన్ చేసింది వాడికే. ఆ బాల్కనీ వాడి మీదే పడింది. మొన్న సమాధి దగ్గర మట్టి వేస్తుంటే నువ్వు నావైపు చూశావు. నేను నీ మొహం చూడలేకపోయాను.

ఇంకొకరి నోట వినేకన్నా నేనే చెప్పడం మంచిదని ఈ సంగతి రాస్తున్నాను. ఆ శుక్రవారం పొద్దుటి నుంచి నేను రొంపిచెర్ల పనిలో ఉన్నాను. ఎస్.ఐ. గారికి అదే చెప్పాను. కర్రలు ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో నాకు తెలియదు. ఈ పనికి మేమిద్దరం సంతకాలు చేసుకున్న ఒప్పందం కాగితం ఒకటుంది. అందులో సెంట్రింగ్ బిగించడం, విప్పడం పూర్తిగా సబ్ కాంట్రాక్టరు బాధ్యత అని ఉందట. వకీలు దాన్ని స్టేషన్లో ఇచ్చాడు. దీనివల్ల ఫ్రాన్సిసుకి పోయేదేమీ లేదు, బతికున్నవాళ్లు కేసులో ఇరుక్కోకుండా ఉంటారు అంటున్నాడు. నువ్వు తప్పుగా అనుకోవద్దు.

బియ్యం బస్తాలు పంపుతున్నాను. కాదనవద్దు. నరసరావుపేటలో నర్సింగ్ చదువుతున్న మన నిర్మలమ్మకి ఏ అవసరం వచ్చినా నేనున్నాను.

నీ అన్న,
వాజిద్.


వెల్దుర్తి,
15 సెప్టెంబరు 2024.

వాజిద్ అన్నా,

ఉత్తరం అందింది. బియ్యమూ అందింది. సిస్టర్ల హాస్టలుకి పంపించాను, అక్కడ ఆడపిల్లలు తింటారు.

ఫోన్ ఎత్తనిది కోపంతో కాదు. నీ గొంతు వింటే ఏడుపొస్తది. ఏడుస్తూ కూర్చుంటే అడగాల్సింది అడగలేను. కాగితం మీదైతే కళ్లు తుడుచుకుని మళ్లీ రాయొచ్చు.

"ఫ్రాన్సిసుకి పోయేదేమీ లేదు" అని రాశావు. అట్లా రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చిందన్నా? మనిషి పోయాడు, పేరొక్కటి మిగిలింది. ఇప్పుడు ఆ పేరు పక్కన తొందరపడి, తెలివితక్కువగా, తన నెత్తిమీద తానే స్లాబు పడేసుకున్నాడని రాస్తారు. అది పోవడం కాదా?

ఆ కాగితం సంగతి నాకు బాగా తెలుసు. హెడ్మాస్టరు గారు ప్రతిదానికీ కాగితం ఉండాలంటున్నారని, డీటీపీ షాపు వాడు ఏదో పెద్ద అపార్టుమెంటు కంపెనీ ఫారం మీద మీ పేర్లు ఎక్కించి ఇస్తే పట్టుకొచ్చావు. మా ఇంటి ముందే, నీ బండి సీటు మీద పెట్టి సంతకాలు చేశారు. "చదువుకోరా" అన్నావు. "నువ్వు చదివావా?" అన్నాడాయన. "ఎవడు చదువుతాడు" అన్నావు. ఇద్దరూ నవ్వారు. నేను టీ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. మీ నవ్వు చూసి నేనూ నవ్వాను.

మీకు అసలు ఒప్పందం కాగితం మీద ఎప్పుడుందన్నా? మీ నాన్న పెట్టిన పద్ధతే కదా మీ ఒప్పందం. స్లాబు కింద మొదటి కర్ర పెద్ద మేస్త్రీ తన చేత్తో తీయాలి. కిందికి పోయి సుత్తి పిడితో నాలుగు మూలలా తట్టి, మోత విని, పైకెక్కి చూసి, అప్పుడు తీయాలి. ఆ కర్ర పడేదాకా ముఠాలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. "మొదటిది నాది, మిగతావి మీవి. పడితే నా మాట మీద పడాల" అనేవాడంట జమాల్ మేస్త్రీ. మా పెళ్లయిన కొత్తల్లో ఆయన ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో. ఒకసారి నీకు జ్వరమొస్తే, నువ్వు లేచి వచ్చేదాకా నాలుగు రోజులు సెంట్రింగ్ సామాను అట్లాగే వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. నేను అరిచినా కదల్లేదు. అట్లాంటి మనిషి నువ్వు లేకుండా మొదటి కర్ర ముట్టుకున్నాడంటే నన్ను నమ్మమంటావా?

ఒక్కటే అడుగుతున్నాను. మొదటి కర్ర ఎవరు తీశారు? ఆ రోజు అంత తొందర ఎందుకొచ్చిందో కూడా, నీకు తెలిస్తే రాయి.

శాంతి.


మాచర్ల,
10 అక్టోబరు 2024.

శ్రీమతి శాంతి గారికి,

మీ ఉత్తరం చేరినది. జరిగిన దుర్ఘటనకు మిక్కిలి చింతిస్తున్నాను. సదరు పనికి సంబంధించి ఉభయులం వ్రాసుకొన్న ఒప్పందంలోని ఏడవ నిబంధన ప్రకారం సెంట్రింగ్ బిగింపు, విప్పదీత, తత్సంబంధమైన భద్రత యావత్తూ సబ్ కాంట్రాక్టరు బాధ్యతయై ఉన్నది. ఘటన జరిగిన సమయంలో నేను ఆ స్థలంలో లేను. మీరు పేర్కొన్న ఆచారం ఏ వ్రాతపూర్వక పత్రంలోనూ లేదు. ఇకమీదట ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలు వకీలు ద్వారా జరుపవలసినదిగా మనవి.

ఇట్లు,
షేక్ వాజిద్,
కాంట్రాక్టరు.

శాంతీ, పైదంతా వకీలు చెబుతుంటే రాసింది. నీ ఉత్తరం ఆయనకి చూపించకుండా ఉండాల్సింది. ఏడో నిబంధన మాత్రం నేను నిజంగా చదవలేదమ్మా. ఫర్హీన్ ఈ కాగితం చూసి, రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు.


వెల్దుర్తి,
4 నవంబరు 2024.

మహారాజశ్రీ కాంట్రాక్టరు వాజిద్ గారికి,

మీరు నన్ను శ్రీమతి చేశారు, గారు తగిలించారు. ఇరవై ఏళ్లు మా ఇంట్లో మంచం మీద కాళ్లు చాపుకుని "శాంతీ, కారం కలిపిన మరమరాలు పెట్టమ్మా" అన్న నోటికి ఇప్పుడు గారు వచ్చింది. సంతోషం.

మొన్న రెండో తారీఖు మాకు ఆత్మల పండుగ. అందరూ సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. నేనూ నిర్మలా పోయాం. ఆయన సమాధి ఇంకా మట్టికుప్పే. నిర్మల కొవ్వొత్తి వెలిగిస్తూ వెలిగిస్తూ, "నాన్నదే తప్పా అమ్మా?" అంది. కాలేజీలో ఎవరో పేపరు చూసి అన్నారంట, మీ నాన్న అజాగ్రత్తగా పనిచేసి పోయాడంటగా అని. నేను "కాదు" అన్నాను. "మరి ఎవరిది?" అంది. అప్పుడు నేనేం చెప్పాలో తమరు సెలవివ్వండి.

స్టేషనుకి పిలిస్తే పోయాను. ఎస్.ఐ. గారు మంచిగానే మాట్లాడారు. "చూడమ్మా, ఒప్పందంలో మీ ఆయన సంతకముంది. వాజిద్ అక్కడ లేడంటున్నాడు. ఉన్నాడని చెప్పేవాళ్లు ఎవరూ ముందుకు రావడం లేదు. మృతుడు తన నిర్లక్ష్యం వల్లే మరణించాడు అని రాసి సంవత్సరం చివరికల్లా కోర్టుకి పంపాలి. ఈలోపు నీ దగ్గరేమన్నా ఆధారముంటే పట్టుకురా" అన్నారు. నిర్లక్ష్యం. ఆయన రేకుల మధ్య సందులో చీమ దూరితే కూడా మళ్లీ విప్పి బిగించే మనిషి. ఎన్నిసార్లు తిట్టలేదు నువ్వు, "ఇంత చాదస్తమైతే ఎట్లారా" అని.

ముఠా చెదిరిపోయింది. పద్నాలుగు మందిలో సగం మంది నీ దగ్గరికే పనికొస్తున్నారు, నాకు తెలుసు. వాళ్లనేమీ అనను, వాళ్లకీ పిల్లలున్నారు. మిగతావాళ్లు గురజాల పోయి పని అడిగితే, "ఫ్రాన్సిస్ ముఠానా? వద్దులేండయ్యా, నాకెందుకా భయం" అన్నాడంట ఒక మేస్త్రీ. సామాను మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో అట్లాగే పడి ఉంది. నేను అటు కిటికీ తీయడం మానేశాను.

అన్నా, నాకు నీ మీద కేసు గెలవాలని లేదు. ఒట్టు. నిన్ను జైలుకి పంపితే ఆయన సంతోషపడే మనిషీ కాదు. నా బిడ్డ జీవితాంతం తల దించుకుని తండ్రి పేరు చెప్పకూడదు. అంతే నాకు కావాల్సింది. నువ్వు నాకు జవాబు రాయకపోయినా, మీ నాన్నకి రాస్తున్నట్టు అనుకుని రాయి. మొదటి కర్ర ఎవరు తీశారు?

శాంతి.


మాచర్ల,
22 నవంబరు 2024.

శాంతీ,

మొదటి కర్ర నేనే తీశాను.

ఈ ముక్క రాసి గంటసేపు కూర్చున్నాను. ఇప్పుడు మిగతాది రాస్తాను.

ఆ శుక్రవారం నేను రొంపిచెర్ల పోలేదు. పోవాలనుకున్న మాట నిజం. జుమ్మా నమాజుకి స్నానం చేసి, తెల్లబట్టలు వేసుకుని, దారిలోనే కదా అని పన్నెండింటికి హెడ్మాస్టరు గారి ఇంటి దగ్గర ఆగాను. ఫ్రాన్సిస్ ముఠాతో ఉన్నాడు. సామాను ఎక్కించడానికి ట్రాక్టరు కూడా వచ్చి నిలబడి ఉంది. "ఒరేయ్, పదిహేడు రోజులేగా అయింది, గోడ దాటి బయటికి వేలాడే స్లాబు, మూడు వారాలన్నా ఉండాల. పైగా వానలు. ఇంకో నాలుగు రోజులు ఆగుదాం" అన్నాను. సామాను వేరే పనికి కావాలన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. "నువ్వు తట్టి చూసి సరేనంటేనే. వద్దంటే వద్దు" అన్నాడు.

నేను తట్టలేదమ్మా. కింద సిమెంటు నీళ్లు కారుతున్నాయి, బట్టలకి మరకలవుతాయని కిందికి పోలేదు. బయట అంచున నిలబడి, చెయ్యి చాపి, చివరి కర్ర ఒక్కటి లాగి పక్కన పడేశాను. "ఇక కానీయ్" అన్నాను. వాడు నా మొహంలోకి చూశాడు. "తట్టవా?" అన్నాడు. "అజాన్ అయింది, పో పో, పని చూసుకో" అని బండెక్కాను. ఆ "తట్టవా" అన్న మాట నాకు రోజూ వినపడుతోంది. భోంచేస్తున్నప్పుడు, సిమెంటు బస్తాలు దింపించుకుంటున్నప్పుడు, ఎప్పుడు పడితే అప్పుడు.

ఇంకోటి ఉంది. ముందురోజు సాయంత్రం గోడలు కట్టే ముఠాకి ఫోన్ చేసి, పిట్టగోడకి ఇటుకలు పైకెక్కించి పెట్టమని చెప్పింది నేనే. వాళ్లు తీసుకుపోయి బాల్కనీ చివర పేర్చారు. కిందున్న ఫ్రాన్సిసుకి ఆ సంగతి తెలియదు. గోడ ముఠాకి కర్రలు ఎప్పుడు తీస్తారో తెలియదు. రెండూ తెలియాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఒక్క పనికే నన్ను కాంట్రాక్టరు అనేది. పైకెక్కి చూసుంటే కంటికి కనపడేవి. ఎక్కలేదు. ఇటుకలు పెట్టమన్న సంగతి కూడా నాకు గుర్తు రాలేదు. ఏడో నిబంధన రాసినవాడికి ఇటుకల సంగతి తెలుసా?

నమాజు అయ్యి బయటికొచ్చి చూస్తే ఫోన్లో పదకొండు కాల్స్ ఉన్నాయి. నేను పోయేసరికి వాణ్ణి బయటికి తీసి చాప కప్పారు. ఎస్.ఐ. గారు "నువ్వెక్కడున్నావయ్యా" అంటే, నా నోటివెంట రొంపిచెర్ల అని వచ్చింది. ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఒకసారి అన్నాక ఇక దాన్ని పట్టుకునే వేలాడాను. ముఠా వాళ్లు విన్నారు. ఎవరూ నోరు మెదపలేదు. నేను వాళ్ల వైపు చూశాను కదా, అందుకని.

నేనే పోయి చెప్పొచ్చు. రెండుసార్లు స్టేషను గేటు దాకా పోయి వెనక్కి తిరిగొచ్చాను. నేను పిరికివాణ్ణి శాంతీ. అందుకని నీ చేతిలో పెడుతున్నాను. నా చేత్తో రాశాను, తేదీ వేశాను, కింద పూర్తి సంతకం పెట్టాను. నువ్వేం చేసినా నేను కాదనను. వకీలుకి చెప్పలేదు. ఫర్హీన్‌కి చదివి వినిపించాను. ఏడ్చింది. పోస్టులో నువ్వే వేసిరా అని ఆమెకే ఇస్తున్నాను, నేను పోతే మధ్యదారిలో చించేస్తానని భయం.

నిర్మలతో చెప్పు. మీ నాన్న అడిగాడు, మీ వాజిద్ మామే వినలేదు అని చెప్పు.

షేక్ వాజిద్,
తండ్రి పేరు షేక్ జమాల్, మాచర్ల.


మాచర్ల,
20 డిసెంబరు 2024.

అమ్మా,

ఉత్తరం చేరిందో లేదో ఒక్క ముక్క రాయి. బండి చప్పుడైతే జీపు వచ్చిందేమోనని లేచి నిలబడుతున్నాను. రమ్మని కూడా ఉంది, రాకూడదని కూడా ఉంది. నెల రోజులుగా ఏ స్లాబు దగ్గరికీ పోలేదు.

మీ క్రిస్మస్ పండుగకి ఫర్హీన్ రవ్వలడ్లు చేసింది, ప్రతి ఏడూ పంపినట్టే. డబ్బాలో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. పంపమంటావా?

వాజిద్.


వెల్దుర్తి,
3 జనవరి 2025.

వాజిద్ అన్నా,

మొన్న సోమవారం, డిసెంబరు ముప్పయ్యిన, నీ ఉత్తరం ఎస్.ఐ. గారి చేతికిచ్చాను. నీకు కబురు వచ్చే ఉంటుంది. ఇస్తానా ఇవ్వనా అని నువ్వు నెల రోజులు ఎదురుచూశావు. నేనూ అంతే, నేనేం చేస్తానా అని ఎదురుచూశాను.

తప్పయితే తిట్టుకో. నిర్మల కోసం ఇచ్చాను. ఆయన పేరు పక్కన ఆ మాట రాయరట. రాసిన కాగితం పక్కన పెట్టి, మళ్లీ కొత్తగా రాస్తామన్నారు. బయటికొచ్చి బస్టాండులో నిర్మలకి ఫోన్ చేశాను. కాసేపు ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినపడింది, తర్వాత "సరే అమ్మా, క్లాసుకి పోతున్నా" అని పెట్టేసింది. చాన్నాళ్ల తర్వాత ఆ పిల్ల గొంతులో బరువు కొంచెం తగ్గినట్టనిపించింది.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను. నీ సంగతి నువ్వు రాసేశావు. నాది నేను నాలుగు నెలలు దాచాను.

మొదటి కర్ర ఎవరు తీశారని నిన్ను తెలియక అడగలేదన్నా. తెలిసే అడిగాను. మా ముఠాలో రేకులందించే పిచ్చమ్మ, సమాధి దగ్గరే నన్ను కౌగిలించుకుని అంతా చెప్పేసింది. "నా పేరు బయటికి రానీయబాకక్కా, రేపట్నుంచి ఆయన దగ్గరే పనికి పోవాల" అని చేతులు పట్టుకుంది. మాటిచ్చాను. ఇప్పుడు కూడా స్టేషన్లో ఆమె పేరు చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు.

పిచ్చమ్మ చెప్పింది నువ్వు చెప్పినట్టే ఉంది, ఒక్కచోట తప్ప. సామాను ఎక్కడికని నేను అడగలేదు, వాడు చెప్పలేదు అని రాశావు. అబద్ధం. నీకు తెలుసు. నువ్వు నాలుగు రోజులు ఆగుదామంటే ఆయన సరేనన్నాడు. ట్రాక్టరు వెనక్కి తిప్పమని పిచ్చమ్మతో చెప్పాడు కూడా. అప్పుడు ఫోను మోగింది. చేతులకి రేకుల ఆయిలు ఉందని పిచ్చమ్మ చేత స్పీకర్లో పెట్టించుకున్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు.

నేను ఏమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. నాకైతే ప్రతి అక్షరమూ గుర్తుంది. "ఏవయ్యా, సామాను ఈ రోజు వస్తదా రాదా? ఆదివారం పూజ అయ్యాక ఊరంతా వచ్చి చర్చి వసారా స్లాబు వేస్తారని ఫాదర్ గారు పీఠం మీద నుంచి చెప్పారు. సిమెంటు బస్తాలు వానకి గడ్డ కడుతున్నాయి. సామాను మేమిస్తామని నలుగురిలో లేచి నిలబడి మాటిచ్చింది నేను. రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోవాల? నీకు ఆ వాజిద్ మాటే వేదం, పెళ్లాం పరువు అక్కర్లేదు. ఈ రోజు కర్రలు రాకపోతే నువ్వూ ఇంటికి రాబాక." అని పెట్టేశాను. పెట్టేసి, ఆయనకిష్టమని చేపల పులుసుకి చింతపండు నానేశాను.

ఆయన నవ్వి, "రాక్షసి రా, ఇంట్లోకి రానియ్యదు" అన్నాడంట. నువ్వు కూడా నవ్వావంట. నవ్వుతూనే పోయి కర్ర లాగావంట.

అన్నా, నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ తలుపు వేసుకుని విప్పేదాన్ని. ఇందులో రాసి ఉంటాడు, నీ వల్లే జరిగిందని రాసి ఉంటాడు అనుకునేదాన్ని. ఆ ఒక్క ముక్క నీ వకీలుకి చెబితే చాలు, నా ఫోన్ లెక్క తీసి, భార్య తొందరపెడితే భర్త విప్పాడని తేల్చేసేవాడు, నువ్వు ఇంట్లో కూర్చునేవాడివి. నువ్వు చెప్పలేదు. ఆ వకీలు ఉత్తరంలో కూడా లేదు. నేను మహారాజశ్రీ అని, గారు అని నిన్ను దులిపి పారేసిన తర్వాత కూడా రాయలేదు. నీ ఒప్పుకోలు ఉత్తరంలో నీ తప్పంతా రాసుకుని, నాది మాత్రం ఎగరగొట్టేశావు. నన్ను కాపాడాలని చూశావు. అది చదివిన రోజు నీ మీద వచ్చినంత కోపం నాకు ఎన్నడూ రాలేదు. అంతకుముందు నిన్ను తిట్టుకోవడానికన్నా వీలుండేది.

నిజం చెబుతున్నాను. అన్నిసార్లు నిన్నెందుకు అడిగానో తెలుసా? మొదటి కర్ర నేనే తీశానని నీ నోటితో నువ్వు అంటే, నాది పోతుందనుకున్నాను. తప్పు ఒకచోటికి చేరితే రెండోచోట ఖాళీ అవుతుందనుకున్నాను. నువ్వు రాసి పంపావు. నాది అట్లాగే ఉంది.

క్రిస్మస్‌కి ముందు పాపసంకీర్తనానికి పోయాను. తెర అవతల ఫాదర్ గారు కూర్చుంటే, ఇవతల మోకాళ్ల మీద నిలబడి అంతా చెప్పాను. "అది పాపం కాదమ్మా, దేవుని మందిరం కోసం చేశావు" అన్నారు. ఏ జపమూ చెప్పలేదు, ఏ శిక్షా వేయలేదు. ఆశీర్వదించి పంపించారు. వసారా ఇంకా లేవలేదు. ఇనప ఊచలు తుప్పు పడుతున్నాయి, వాటి పక్క నుంచే లోపలికి పోతాం.

అందుకని సోమవారం నీ ఉత్తరం ఇచ్చేటప్పుడు నాది కూడా చెప్పాను. ఎస్.ఐ. గారు నీ ఉత్తరం రెండుసార్లు చదివి, సంతకం చూసి, కవరు మీద తేదీ చూసి జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నారు. "అయ్యా, నాదీ రాసుకోండి" అన్నాను. ఫోన్ చేసిన సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. రాబాక అన్న మాట కూడా చెప్పాను. ఆయన పెన్ను పట్టుకునే ఉన్నారు, రాయలేదు. "భార్య భర్తని తొందరపెట్టడం నేరం కాదమ్మా. దానికి సెక్షన్ లేదు. మీరు ఇంటికెళ్లండి" అన్నారు. నేను లేవలేదు. "ఎక్కడో ఒకచోట రాయండయ్యా" అన్నాను. పాపం, ఆ మనిషి నీళ్ల గ్లాసు నా వైపు జరిపి, కానిస్టేబులమ్మని పిలిచి, "బస్సు ఎక్కించి రా" అని చెప్పారు.

నువ్వు భయపడకు. ఫర్హీన్‌ని భయపడనీయకు. ధైర్యంగా పోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. రవ్వలడ్లు పంపమను, నిర్మలకి ఇస్తాను. కోర్టు నీకు ఇన్నేళ్లని చెబుతుంది. అవి పూర్తయిన రోజున నువ్వు బయటికొస్తావు.

నాకెన్నేళ్లో ఎవరినడగాలన్నా?

శాంతి.